కాలాన్ని పట్టిన కెమెరా

రెండు గంటల సినిమాను ఒకే ఒక్క ఫొటోలో పట్టేశారు. గడ్డి కూరిన జంతువులకు ప్రాణం ఉందేమో అనిపించారు. దేశదేశాలు తిరిగి ఏళ్ల తరబడి ఒకే ఫొటోను మళ్లీ మళ్లీ తీశారు. చేతిలో ఆర్కిటెక్టు పట్టా లేకుండానే కొండ మీద ఓ వింత కట్టడాన్ని లేపారు. అదీ... వేల ఏళ్ల తర్వాత శిథిలమైపోయినప్పుడు కూడా అందంగా కనిపించాలని! జపాన్‌కు చెందిన హిరోషి సుగిమోటో చేసే పనులన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

న్యూయార్క్‌లోని ఈస్ట్ విలేజ్ ప్రాంతం. 1970ల ద్వితీయార్ధం. టికెట్టు చవగ్గా దొరికే ఓ సినిమా హాల్లోకి టూరిస్టు వేషంలో ఓ జపాన్ యువకుడు అడుగుపెట్టాడు. అతని దగ్గరున్నది మామూలు కెమెరా కాదు. మన ఊళ్లలో పాతకాలం స్టూడియోవాళ్లు నల్లగుడ్డ కప్పుకుని ఫొటో తీసేవారే, ఆ జాతిది. స్టాండు వేసి కూర్చున్నాడు. తెర మీద బొమ్మ పడగానే షట్టర్ తెరిచాడు. హీరో వచ్చాడు, పాటలయ్యాయి, కొట్టుకున్నారు, ఏడ్చారు, నవ్వారు. షట్టర్ అలాగే తెరుచుకుని ఉంది. రెండు గంటల తర్వాత 'సమాప్తం' పడ్డాక మూశాడు. ఆ రాత్రే ఫిల్ము కడిగి చూసుకున్నాడు.

ఫొటోలో సినిమా లేదు! హీరో లేడు, హీరోయిన్ లేదు. హాలు మధ్యలో తెల్లగా వెలిగిపోతున్న తెర ఒక్కటే ఉంది. ఆ వెలుగులో చుట్టూ ఉన్న గోడలు, నగిషీలు, ఖాళీ కుర్చీలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

లెక్క వేస్తే విషయం తేలిగ్గానే అర్థమవుతుంది. సినిమా అంటే సెకనుకు 24 బొమ్మలు. రెండు గంటలకు 1,72,800. అన్ని బొమ్మల వెలుగూ ఒకే ఫిల్ము ముక్క మీద పడితే ఏ బొమ్మా మిగలదు. వెలుగే మిగులుతుంది. కథ మొత్తం ఉంది, కానీ కనపడదు. ఇందులో ఇంకో తమాషా కూడా ఉంది. సరదాగా సాగే సినిమా అయితే తెర బాగా తెల్లగా వస్తుందట. విషాదమైతే మసకేస్తుంది. దెయ్యాల సినిమా అయితే చెప్పనక్కర్లేదు, దాదాపు చీకటే!

'థియేటర్స్' పేరుతో సుగిమోటో అప్పుడు మొదలుపెట్టిన ఈ వరస ఇప్పటివరకూ రకరకాల దారులు పట్టింది. రాజభవనాల్లాంటి పాత అమెరికన్ సినిమా హాళ్లు ముందు. ఆ తర్వాత 1990ల్లో కార్లలో కూర్చుని చూసే ఆరుబయలు థియేటర్లు. అక్కడైతే తెల్లటి తెర వెనక ఆకాశంలో విమానాలూ నక్షత్రాలూ గీసిన గీతలు కూడా పడ్డాయి. గత దశాబ్దంలో ఇటలీలోని ఒపేరా హౌస్‌లకు వెళ్లారు. మూతపడి, పైకప్పు పెచ్చులూడి, కుర్చీలు విరిగిపోయిన అమెరికా థియేటర్లనూ వెతుక్కుంటూ వెళ్లారు. అలాంటి చోట సినిమా వేసేవాళ్లుండరు కదా! తెరా ప్రొజెక్టరూ తనే పెట్టించి, ఎవరూ లేని హాలుకు సినిమా చూపించి, ఫొటో తీసుకున్నారు. ఆ వరసలో మిగతావాటికంటే ఇవే ఎక్కువగా గుచ్చుకుంటాయి. మూతపడ్డ టూరింగ్ టాకీసుల పక్కనుంచి రోజూ బస్సెక్కే మనవాళ్లకు ఆ బాధ విడమరచి చెప్పక్కర్లేదు.

మార్క్స్ చదివి... కెమెరా పట్టి

సుగిమోటో 1948 ఫిబ్రవరి 23న టోక్యోలో పుట్టారు. వ్యాపారుల కుటుంబం. హైస్కూల్లో ఉండగానే సినిమా హాలుకు కెమెరా పట్టుకెళ్లి, తెర మీద కనిపించే ఆడ్రీ హెప్‌బర్న్‌ను ఫొటోలు తీసేవారు. (అభిమానం ఎవరికైనా ఒకటే!) తర్వాత టోక్యోలోని రిక్క్యో విశ్వవిద్యాలయంలో రాజకీయాలూ సమాజశాస్త్రమూ చదివారు. జపాన్ కాలేజీలన్నీ విద్యార్థి ఉద్యమాలతో అట్టుడికిపోతున్న రోజులవి. మార్క్స్‌ను మొదటి నుంచి చివరిదాకా చదవాల్సిన కాలం. 1970లో పట్టా పుచ్చుకుని అమెరికా వెళ్లిపోయారు. లాస్ ఏంజెలెస్‌లోని ఆర్ట్ సెంటర్ కాలేజ్ ఆఫ్ డిజైన్‌లో చేరి ఫొటోగ్రఫీ నేర్చుకుని, 1974లో న్యూయార్క్ చేరారు.

అక్కడి సహజ చరిత్ర మ్యూజియంలో ఆయనకు తొలి పాఠం దొరికింది. అద్దాల వెనక గడ్డి కూరిన జంతువులు. వాటి వెనక రంగులతో గీసిన అడవులు, మంచుకొండలు. నిలబడి చూస్తే ఎవరికైనా ఇదంతా ఉత్తుత్తిదే అని తెలిసిపోతుంది. కానీ ఒక కన్ను మూసుకుని చూశారు. అంతే! లోతు మాయమైంది. మంచు నిజమైపోయింది, ఎలుగుబంటి కదలబోతున్నట్టుంది. మనకు రెండు కళ్లుండటం వల్ల దూరాలు తెలుస్తాయి. మరి కెమెరాకు ఉన్నది ఒక్క కన్నే కదా!

అలా 1976లో తీసిన ధ్రువపు ఎలుగుబంటి ఫొటో ఆయన పేరు నలుగురికీ తెలిసేలా చేసింది. చంపిన సీల్ మీద నోరు తెరిచి నిలబడ్డ ఎలుగుబంటి. వెనక ఎక్కడిదాకానో మంచు. నలుపు తెలుపుల్లో చూస్తే ఎవరో ప్రాణాలకు తెగించి ఉత్తర ధ్రువం వెళ్లి తీశారనుకుంటారు. ఫొటో ఎప్పుడూ నిజమే చెబుతుందన్న మన నమ్మకాన్ని ఆయన తిట్టలేదు, వాదించలేదు. దాన్నే వాడుకున్నారు.

చాలా ఏళ్ల తర్వాత 1999లో మైనపు బొమ్మలతోనూ ఇదే పని చేశారు. మేడం టుస్సాడ్స్ అంటే ఇప్పుడు మనకు బాగా తెలిసిన పేరే. 2017లో బ్యాంకాక్‌లో ప్రభాస్ బొమ్మ పెట్టినప్పుడు ఎంత సందడి! సుగిమోటో తీసింది ఎనిమిదో హెన్రీనీ ఆయన భార్యలనూ. నల్లటి తెర ముందు, పాత చిత్రకారుల పద్ధతిలో దీపాలమర్చి, నిలువెత్తు ఫొటోలు తీశారు. 16వ శతాబ్దంలో హెన్రీని హోల్బీన్ బొమ్మ గీశాడు. ఆ బొమ్మ చూసి మైనపు శిల్పి శిల్పం చేశాడు. ఆ శిల్పాన్ని సుగిమోటో ఫొటో తీశారు. చూసేవాళ్లకు మాత్రం కెమెరా పుట్టడానికి 300 ఏళ్ల ముందు చనిపోయిన రాజుగారు స్టూడియోకొచ్చి కూర్చున్నట్టే ఉంటుంది. తెలివైన పనే. అయితే మొదటిసారి 'ఔరా' అనిపించాక రెండోసారి అంతగా పట్టి ఉంచవు ఈ ఫొటోలు. ఆయన మిగతా పనికి ఉన్న నిలకడ వీటికి తక్కువ.

పైన ఆకాశం... కింద నీళ్లు

ఆ నిలకడ పూర్తిగా కనిపించేది సముద్రాల ఫొటోల్లో. 1980లో జమైకాలో కరీబియన్ సముద్రంతో మొదలుపెట్టారు. ఆదిమానవుడు చూసిన దృశ్యాన్నే ఈనాటి మనిషి కూడా చూడగలడా... ఇదీ ఆయన వేసుకున్న ప్రశ్న. కొండలు కరిగాయి, అడవులు పోయాయి, నేలంతా మనం మార్చేశాం. మారనిది ఏదైనా ఉందా అని ఆలోచిస్తే నీరూ గాలీ తట్టాయి.

ఫొటో ఎలా ఉంటుందంటే... సరిగ్గా సగానికి ఓ గీత. పైసగం ఆకాశం, కిందిసగం సముద్రం. పడవ లేదు. పక్షి లేదు. ఒడ్డు లేదు. మనిషి జాడ అసలే లేదు. ఇంగ్లిష్ ఛానల్, లిగురియన్ సముద్రం, జపాన్ సముద్రం, అమెరికాలోని సుపీరియర్ సరస్సు... ఎక్కడికెళ్లినా ఇదే. పెద్ద ఫిల్ము కెమెరాతో, నలుపు తెలుపుల్లో, అదే చట్రంలో. ఒకటి రెండు చూసి 'ఇందులో ఏముంది?' అని పేజీ తిప్పేసేవాళ్లు ఉంటారు, వాళ్ల తప్పేం లేదు. పది వరసగా చూస్తే మాత్రం ఏ రెండూ ఒకటి కావని తెలుస్తుంది. ఒకచోట అలలు ఇసుక మీద గాలి గీసిన గీతల్లా ఉంటాయి. ఒకచోట పొగమంచులో గీతే చెరిగిపోయి, ఎక్కడ నీళ్లు ఆగాయో ఎక్కడ నింగి మొదలైందో తెలియదు. కొన్ని రాత్రివేళవి. వాటి ముందు కాసేపు నిలబడి కళ్లు అలవాటు చేసుకుంటే తప్ప ఏమీ కనపడదు.

స్విట్జర్లాండ్‌లోని ఉట్‌విల్ దగ్గర 1993లో తీసిన ఓ సరస్సు ఫొటోను ఐర్లాండ్ బృందం యూ2 2009లో తమ 'నో లైన్ ఆన్ ది హొరైజన్' ఆల్బమ్ అట్టకు వాడుకుంది. ఈ బేరంలో చేతులు మారింది డబ్బు కాదు. ఆయన ఫొటో వాళ్లు వాడుకోవచ్చు, వాళ్ల పాట ఆయన వాడుకోవచ్చు. రాతియుగపు వస్తుమార్పిడి!

నిజానికి సముద్రంతో ఆయన అనుబంధం జమైకాకంటే చాలా పాతది. చిన్నప్పుడు తొకైదో రైలు మార్గంలో ఒడవారా, అతామి పట్టణాల మధ్య ప్రయాణిస్తుంటే, రైలు సొరంగంలోంచి బయటికి రాగానే కిటికీలో సముద్రం, దాని మీద కత్తితో కోసినట్టున్న గీత కనిపించాయట. తనకు గుర్తున్న మొట్టమొదటి జ్ఞాపకం అదేనని ఆయన ఎన్నోసార్లు చెప్పారు. ఈ ఒడవారా పేరు గుర్తుంచుకోండి. మళ్లీ వస్తుంది.

వెయ్యిన్నొక్క అవలోకితేశ్వరులు

న్యూయార్క్‌లో తొలి రోజుల్లో ఇలాంటి ఫొటోలతో ఇల్లు గడవదు. అందుకే దాదాపు పదేళ్లపాటు సుగిమోటో జపాన్ పాత వస్తువుల వ్యాపారం చేశారు. జపాన్ వెళ్లడం, బుద్ధ విగ్రహాలూ మట్టిపాత్రలూ చెక్కసామాన్లూ ఏరుకుని తేవడం, న్యూయార్క్‌లో అమ్మడం. పొట్టకూటి కోసం పెట్టిన కొట్టే ఆయన రెండో బడి అయింది. పాత చెక్క ఎలా వయసు మీరుతుంది, లక్క ఎలా పలచబడుతుంది, రాయి మీద ఉలి దెబ్బను చూసి కాలం ఎలా చెప్పాలి... అన్నీ చేతివేళ్లతో నేర్చుకున్నారు. తర్వాతి రోజుల్లో ఆయన కట్టిన ప్రతిదానిలో ఈ కొట్టు కనిపిస్తుంది. వ్యాపారం మానేశాక కూడా కొనడం మానలేదు. శిలాజాలు, ఉల్కలు, బౌద్ధ శిల్పాలు పోగేస్తూనే ఉన్నారు. శిలాజమంటే కెమెరా పుట్టకముందు కాలం తనను తాను తీసుకున్న ఫొటో అన్నది ఆయన లెక్క.

ఈ ఇష్టమే ఆయన్ను క్యోటోలోని సంజుసాన్‌గెందో గుడికి లాక్కెళ్లింది. 1164లో కట్టి, మంటల్లో కాలిపోయాక 1266లో మళ్లీ కట్టిన చెక్క మందిరం. 120 మీటర్ల పొడవు. లోపల బంగారు రేకు తాపిన 1001 కన్నన్ విగ్రహాలు. నడుమ పెద్ద విగ్రహం కూర్చుని ఉంటే అటూ ఇటూ వెయ్యి మంది మెట్ల మీద బారులు తీరి నిలబడి ఉంటారు. కన్నన్ అంటే మరెవరో కాదు. మన దగ్గర పుట్టి, చైనా మీదుగా జపాన్ చేరిన అవలోకితేశ్వరుడే. 1249 నాటి అగ్నిప్రమాదంలో బయటపడిన 124 విగ్రహాలు పోగా మిగిలినవన్నీ 13వ శతాబ్దంలో మళ్లీ చెక్కినవి.

అక్కడ ఫొటో తీస్తానని అడిగితే గుడివాళ్లు ఒప్పుకోలేదు. అడుగుతూనే ఉన్నారు. ఒకటి కాదు రెండు కాదు, ఏడేళ్లు! చివరికి 1995 వేసవిలో అనుమతి వచ్చింది. గుళ్లోని ట్యూబులైట్లు ఆపించారు. తర్వాతి కాలంలో చేర్చిన అలంకారాలేవీ ఫొటోలో పడకుండా చూసుకున్నారు. తూర్పు కొండల మీంచి పొద్దు పొడిచే వేళ కోసం కాచుకున్నారు. ఆ మొదటి కిరణాలు నేలను తాకి, విగ్రహాల మీదికి పాకి, వెయ్యి ముఖాలూ ఒక్కసారి మెరిసే కాసేపట్లో షట్టర్ నొక్కాలి. మళ్లీ మరుసటి ఉదయమే. 12వ శతాబ్దంలో ఈ గుడి కట్టించిన చక్రవర్తి గో-షిరకావా తెల్లవారుజామున వచ్చి నిలబడితే ఏం చూసి ఉంటాడో, అదే తన కెమెరాకు చూపించాలన్నది ఆయన పంతం. ఆ వరసకు 'సీ ఆఫ్ బుద్ధా' అని పేరు పెట్టారు. నిజమే, వరసగా చూస్తే మళ్లీ సముద్రమే. అలల బదులు తలలు!

కావాలనే మసగ్గా

1997లో షికాగోలోని సమకాలీన కళల మ్యూజియం ఆయనకో పని అప్పగించింది. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప భవనాలను ఫొటోలు తీయమంది. వేరే ఎవరైనా ఇటుక ఇటుకా కనిపించేలా తీస్తారు. సుగిమోటో ఫోకస్‌ను పూర్తిగా తప్పించి తీశారు! కెమెరా లెన్సును అది ఆగాల్సిన చోటుకంటే ఇంకా వెనక్కి, మామూలుగా ఎవరూ వాడని దూరానికి జరిపారు. ఈఫిల్ టవర్, ఫ్రాన్స్‌లో లె కార్బూజియే కట్టిన విల్లా సవోయ్, జపాన్‌లో తడావో ఆండో కట్టిన చర్చి... అన్నీ కలలో కనిపించినట్టు కరిగిపోయి ఉంటాయి.

దీని వెనక ఓ ఆలోచన ఉంది. భవనం కట్టకముందు ఆర్కిటెక్టు మనసులో ఒక ఆకారం ఉంటుంది. తలుపులూ కిటికీలూ పైపులూ, ప్రభుత్వ నిబంధనలూ, యజమాని పొదుపూ చేరేకొద్దీ అది మారిపోతుంది. వివరాలన్నీ మసకబారిస్తే ఆ మొదటి ఆకారం మళ్లీ బయటపడుతుందా? మంచి భవనమైతే ఎంత మసకేసినా నిలబడుతుంది, నాసిరకం అయితే ఏమీ మిగలకుండా కరిగిపోతుంది అంటారాయన. పరీక్ష కొంచెం కఠినమైనదే. మన అపార్టుమెంట్లలో ఎన్ని నెగ్గుతాయో!

ఆ వరసలోనే 1997లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్లను కూడా తీశారు. నీళ్లకు ఆవల, బూడిదరంగు ఆకాశంలో రెండు పొడవాటి నీడలు. అప్పట్లో అది మిగతావాటిలో ఒకటి. 2001 సెప్టెంబరు 11 తర్వాత ఆ ఫొటోను ఎవరూ మునుపటిలా చూడలేకపోయారు. మసక భవనాల పరీక్ష గురించి తీసిన ఫొటో, లేని భవనాల జ్ఞాపకమైపోయింది.

భవనాలను అలా కరిగించి చూసిన మనిషికి తనే కట్టాలన్న కోరిక పుట్టడంలో ఆశ్చర్యమేముంది?

గాజు మెట్లు

మొదటి అవకాశం నవోషిమా దీవిలో వచ్చింది. పాత ఇళ్లనూ గుళ్లనూ కళాకారులకు అప్పగించి తిరిగి ప్రాణం పోసే పథకం అక్కడ నడుస్తోంది. అందులో భాగంగా ఎడో కాలం నాటి గోవో అనే షింటో ఆలయాన్ని సుగిమోటో తిరిగి కట్టారు. 2002లో పూర్తయింది. చూడ్డానికి చిన్న చెక్కగుడి. తెల్లటి గులకరాళ్ల ఆవరణ. గర్భగుడికి వెళ్లే మెట్లు మాత్రం గాజువి. కెమెరా లెన్సులకు వాడే రకం దళసరి గాజు. ఆ మెట్లు గుడి ముందు నేలను చీల్చుకుని కిందికి కూడా దిగుతాయి, భూమిలోపల ఉన్న చీకటి గదిలోకి. పైన పడ్డ ఎండ గాజులోంచి జారి ఆ గదిలోకి చేరుతుంది. గది చూసి ఇరుకైన దారిలో వెనక్కి తిరిగి వస్తుంటే... ఎదురుగా ద్వారంలో నిలువుగా సముద్రం, దాని మీద గీత! అచ్చం ఆయన ఫొటోయే. ఇటుకలతో, సున్నంతో కాకపోయినా సుగిమోటో అక్కడ కట్టింది ఒక కెమెరాను.

2008లో తొమొయుకి సకకిదా అనే ఆర్కిటెక్టుతో కలిసి టోక్యోలో ఓ సంస్థ పెట్టారు. పేరు 'న్యూ మెటీరియల్ రీసెర్చ్ లేబొరేటరీ', అంటే కొత్త పదార్థాల పరిశోధనశాల. లోపలికెళితే అన్నీ పాతవే! పాత దేవదారు పలకలు, చేత్తో పూసే సున్నపు పూత, లక్క, ఉలి గుర్తులున్న రాళ్లు. అందరూ వదిలేసిన పాతదే ఇవాళ అన్నిటికంటే కొత్తది అన్నది వాళ్ల వాదన. పట్టా ఉన్న ఆర్కిటెక్టు సకకిదా. కలలు కనేది సుగిమోటో. అతామిలోని ఎంఓఏ కళా మ్యూజియం ప్రదర్శన గదులను 2017లో వీళ్లే తిరిగి తీర్చిదిద్దారు. వెనిస్‌లో 2014లో ఆయన పెట్టిన 'మాండ్రియన్' అనే గాజు టీ గది అక్కడినుంచి ఫ్రాన్స్‌లోని వర్సై రాజప్రాసాదానికి, తర్వాత నవోషిమాకూ చేరింది.

ఈలోగా పురస్కారాలు వచ్చాయి. 2001లో ఫొటోగ్రఫీకి పెద్దదిగా చెప్పుకునే హాసెల్‌బ్లాడ్ అవార్డు. 2009లో జపాన్ ఇచ్చే ప్రీమియం ఇంపీరియల్. అది కూడా ఏ విభాగంలో? చిత్రలేఖనంలో! ఫొటోగ్రఫీకి అక్కడ విడిగా విభాగం లేదు మరి.

అమెరికాలో రాళ్ల గొడవ

అంతా సాఫీగా ఏమీ సాగలేదు. వాషింగ్టన్‌లోని హిర్ష్‌హార్న్ మ్యూజియం ముందుగది రూపాన్ని ఆయన 2018లో మార్చారు. అది నచ్చి, మ్యూజియం తన శిల్పాల తోటను కూడా మార్చమని అడిగింది. 1974లో గోర్డన్ బన్షాఫ్ట్ అనే పేరున్న ఆర్కిటెక్టు కాంక్రీటుతో గీసిన తోట అది. నేలమట్టానికి దిగువన, మధ్యలో నీటి మడుగుతో ఉంటుంది. 1980ల మొదట్లో లెస్టర్ కాలిన్స్ దాన్ని కొంత మార్చి చెట్ల నీడ తెచ్చారు. సుగిమోటో 2019లో చూపించిన నమూనాలో సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన జపాన్ తరహా గోడలున్నాయి. మడుగు పెద్దదైంది, ప్రదర్శనలకు వేదికొచ్చింది.

వెంటనే అభ్యంతరాలు మొదలయ్యాయి. చారిత్రక తోటలను కాపాడాలనేవాళ్లు గట్టిగా ఎదిరించారు. బన్షాఫ్ట్ కాంక్రీటు కూడా ఒక కాలానికి గుర్తే కదా, దాన్ని రాళ్లతో కప్పేస్తే ఎలా అన్నారు. మ్యూజియం వైపు వాదన మ్యూజియానిది. తోట పాడైపోయింది, జనం రావడం లేదు, మధ్యయుగపు రాళ్ల పక్కన పెడితే ఆధునిక శిల్పాలు ఇంకా బాగా కనిపిస్తాయి అని. రెండేళ్లకు పైగా సమావేశాలు, సవరణలు నడిచాయి. అక్కడి లలితకళల సంఘం 2021లో ఆమోదించింది. 2022లో పని మొదలైంది.

ఎదిరించినవాళ్ల మాటలో పస లేదనలేం. పాత వస్తువు మీద పడ్డ ప్రతి గీతనూ గౌరవించే మనిషి, 50 ఏళ్ల నాటి కాంక్రీటు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అంత ఓపిక చూపలేదు? 500 ఏళ్లయితేనే పాతదా? ఈ ప్రశ్నకు ఆయన పనిలో జవాబు సూటిగా దొరకదు. మూతపడ్డ అమెరికా థియేటర్లలో పెచ్చులూడిన గోడలను అంత ప్రేమగా చూసింది కూడా ఆయనే మరి.

కొండ మీద పొద్దుపొడుపు

ఇక ఒడవారా. ఈ గొడవకు ముందే అక్కడ, సగామి అఖాతానికి ఎదురుగా ఒకప్పటి నారింజ తోటలున్న కొండవాలు మీద సుగిమోటో తన అసలు పనికి చేయిపెట్టారు. 2009లో ఒడవారా ఆర్ట్ ఫౌండేషన్ పెట్టి, ఫొటోల సంపాదనను అందులో పోశారు. 2017 అక్టోబరులో 'ఎనౌరా అబ్జర్వేటరీ' తెరుచుకుంది. పేరు చూసి టెలిస్కోపులు ఉంటాయనుకుంటే పొరపాటే. అక్కడ చూడాల్సింది సూర్యుణ్ని. చిన్నప్పుడు రైలు కిటికీలో కనిపించిన సముద్రం ఇదే.

సముద్రానికి 100 మీటర్ల ఎత్తున, 100 మీటర్ల పొడవున ఓ గ్యాలరీ. ఒకపక్క ఓయా రాతి గోడ. మరోపక్క 37 గాజు పలకలు. వాటి మధ్య ఒక్క స్తంభమూ లేదు. గ్యాలరీ చివరి 12 మీటర్లు ఏ ఆధారమూ లేకుండా సముద్రం వైపు గాల్లోకి చొచ్చుకుపోయి ఉంటుంది. ఎండాకాలంలో పగలు అన్నిటికంటే పొడవైన రోజున పొద్దు సరిగ్గా దీని ఎదురుగా పొడుస్తుంది. వెలుగు ఆ చివర్నుంచి ఈ చివరికి పరుగెడుతుంది. దాని కిందుగా అడ్డంగా 70 మీటర్ల ఉక్కు సొరంగం ఉంది, తుప్పు రంగులో. దాన్ని చలికాలంలో పగలు అతి తక్కువగా ఉండే రోజుకు గురిపెట్టి అమర్చారు.

పక్కనే ఓ వేదిక. కింద క్యోటోలోని కియోమిజు గుడిలో ఉన్నలాంటి కొయ్య కట్టు, పైన పరిచింది గాజు. ఎదురుగా ప్రేక్షకులు కూర్చునే రాతి మెట్లు ఇటలీలో ఫెరెంటో అనే చోట ఉన్న రోమన్ శిథిలం కొలతలతో కట్టినవి. అక్కడ కూర్చుని చూస్తే వేదిక మీది నటుడు సముద్రం మీద నిలబడ్డట్టే ఉంటాడు.

అన్నిటికంటే ముచ్చటైనది మాత్రం టీ గది. 16వ శతాబ్దపు టీ గురువు సెన్ నో రిక్యూ కట్టించిన 'తై-ఆన్' కొలతల్లోనే, రెండు చాపలు పట్టేంత గది. పైకప్పు ఏమిటో తెలుసా? ఆ తోటలోనే నారింజకాయలు దాచుకునే పాత షెడ్డు మీది తుప్పుపట్టిన రేకు! రిక్యూ ఇవాళ ఉంటే ఖరీదైన కలప వెతికేవాడు కాదు, చుట్టుపక్కల దొరికిందే వాడేవాడు, అది ఈ రేకే అయ్యుండేది అని సుగిమోటో వాదన. వాన పడితే రేకు మీద టపటపా శబ్దం. అందుకే గదికి వానను వినడమన్న అర్థం వచ్చేలా 'ఉచోతెన్' అని పేరు పెట్టారు. రేకుల షెడ్డులో వాన చప్పుడు వింటూ టీ తాగిన అనుభవం మన పల్లెల్లో ఎవరికి లేదు గనక! లోపలికి వంగి పాకి వెళ్లాల్సిన చిన్న గుమ్మం ఉంటుంది. పగలూ రాత్రీ సమానంగా ఉండే రెండు రోజుల్లో ఉదయపు ఎండ ఆ గుమ్మంలోంచి నేరుగా లోపలికి వస్తుంది.

వీటన్నిటికీ చుట్టూ రాళ్లు. పాత గుళ్ల పునాది రాళ్లు, వంతెనల రాళ్లు, పక్క కొండల్లో ఒకప్పుడు కోట గోడల కోసం కొట్టి వదిలేసినవి. నారింజ రైతుల పనిముట్ల షెడ్డులో ఇప్పుడు శిలాజాలున్నాయి. మనుషుల నాగరికత ముగిసిపోయి, గాజు పగిలి, ఉక్కు రాలిపోయాక ఈ చోటు ఎలా కనిపిస్తుందన్నది ముందే ఊహించుకుని గీశానంటారాయన. వేల ఏళ్ల తర్వాత ఎవరైనా వచ్చి చూస్తే రాతిగోడ ఒక్కటి నిలబడి ఉండాలి, పొద్దు దాని వైపు పొడవాలి. ఇల్లు కట్టేటప్పుడు శంకుస్థాపన ముహూర్తం చూసేవాళ్లను చూశాం. శిథిలమయ్యే తీరు కూడా చూసుకున్న మనిషి మాత్రం అరుదు.

చూడాలంటే ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఒక్కో విడతలో కొద్దిమందినే పంపుతారు. చలికాలం అయనాంతపు తెల్లవారుజామున మాత్రం సొరంగం దగ్గర ప్రత్యేకంగా జనం చేరతారు. చీకట్లో, సముద్రపు గాలికి వణుకుతూ నిలబడతారు. గీత మీద ఎర్రటి చుక్క కనబడుతుంది. వెలుగు సొరంగంలోకి దూరి, 70 మీటర్లు నడిచి, అవతలి కొసన పెట్టిన పెద్ద బండరాయి మీద పడుతుంది. కాసేపు ఆ రాయి వెలుగుతుంది. తర్వాత పొద్దు పైకెక్కుతుంది, రాయి మళ్లీ నీడలోకి జారుకుంటుంది.